తట్ట మనది, లెవల్ మెషిన్ ఎవరిది?

(ఒడిశా రాయగడ జిల్లా గుణుపూర్‌లో ఆడపిల్లలు, తల్లుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అమ్మలకీ, అక్కలకీ, చెల్లెళ్ళకీ నమస్కారం. వెనక కూర్చున్న సవర పిల్లలకి నా తెలుగు అందకపోతే చెయ్యెత్తండమ్మా, ఒడియాలో చెబుతాను.

నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది. మన గుణుపూర్ దాకా రావడానికి 1931 అయింది. 2004లో ఆ చిన్న లైను ఆపేసి పెద్ద లైను పని మొదలుపెట్టారు. ఆ కట్ట మీద మా అమ్మ మట్టి మోసింది, నాన్నా మోశాడు. కూలి మాత్రం జోడీకి లెక్కగట్టి నాన్న చేతిలో పెట్టేవారు. మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పుస్తకంలో, నాన్న పేరు ఉండేది. దాని పక్కన చిన్న గీత. ఆ గీతే మా అమ్మ.

అందుకే "నిర్మాణ రంగంలోకి ఆడవాళ్ళు రావాలి" అని ఎవరైనా మైకులో అంటే నాకు నవ్వొస్తుంది. మనం ఎప్పుడు లేమని? కంకర కొట్టిందీ, తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచిందీ మనమే. జేసీబీ వచ్చిన రోజున మన తట్టలు పక్కకి పోయాయి, దాని సీటు మగవాడికి వెళ్ళింది. నాకున్న పేచీ ఆ సీటుతోనే.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, గుణుపూర్ నుంచి థేరుబలికి 73.62 కిలోమీటర్ల కొత్త లైనుకి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం లైనుకీ అప్పుడే ఒప్పుకుంది. పని మన గుమ్మం ముందుకే వస్తోంది. మళ్ళీ తట్టతోనే వెళదామా?

నేను పది పాసై మన గుణుపూర్ పెద్ద లైను పనిలోనే స్టాఫ్ పట్టుకోవడానికి చేరాను. అంకెలు రాసిన పొడవాటి కర్ర అది. దాన్ని నిటారుగా పట్టుకుని ఎండలో నిలబడటమే పని. ఒకరోజు సర్వేయర్ తాత కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చారు. "నువ్వే చూసి చదువమ్మా" అన్నారు. నేల ఎత్తుపల్లాలు కొలిచే పాత డంపీ లెవల్ మెషిన్ కదా, అంకెలు తలకిందులుగా కనిపించాయి. నాకు ఒకటే టెన్షన్. మధ్యాహ్నానికి అలవాటైపోయింది. తెలిసిన చోటి ఎత్తుకి స్టాఫ్ మీద అంకె కలిపితే మెషిన్ చూపు ఎంత ఎత్తులో ఉందో వస్తుంది. అందులోంచి కొత్త చోటి అంకె తీసేస్తే అక్కడి ఎత్తు. కూడిక, తీసివేత, అంతే! ఇన్నాళ్ళూ దీన్ని మనకి అందని విద్యలా చూపించారే అని ఒళ్ళు మండింది.

పది పాసైనవాళ్ళు ఐటీఐలో సర్వేయర్ గానీ, కట్టడాల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ గానీ అడగండి. టైలరింగ్ చెప్పి పంపేస్తారు, కదలకండి. ఇంకా చదవగలిగితే మరీ మంచిది. 2025 జూన్‌లో ప్రారంభమైన చీనాబ్ రైలు వంతెనకి కొండవాలు నిలబెట్టే లెక్కల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన ప్రొఫెసర్ మాధవీలత ప్రకాశం జిల్లా పల్లెటూరి ఆడపిల్లే.

బడికి వెళ్ళని అక్కలు డీలా పడొద్దు. లారీ, టిప్పర్ లాంటి బండ్ల లైసెన్సుకి ఎనిమిదో తరగతి పాసవ్వాలనే నిబంధన 2019లో తీసేశారు. 20 ఏళ్ళు నిండాలి, ముందు చిన్న బండి లైసెన్సు ఏడాది ఉండాలి.

మళ్ళీ ఆ గీత దగ్గరికి వస్తాను. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం, 50 మందికి మించి ఆడవాళ్ళుంటే పిల్లల్ని చూసుకునే గది పెట్టాలంది. నేను పనిచేసిన ఒక సైటులో చూడబోతే 60 మంది ఉన్నాం. కాగితం మీద 20 పేర్లు కూడా లేవు, మిగతావి గీతలు. కాంట్రాక్టర్ గది ఎందుకు పెడతాడు? పిల్లలు చెట్టుకి కట్టిన చీర ఉయ్యాల్లోనే పెరిగారు. మరుగుదొడ్డి లేక మేం పొద్దుటినుంచి నీళ్ళు తాగేవాళ్ళం కాదు. భవన కార్మికుల సంక్షేమ బోర్డు కార్డుకీ ఏడాదిలో 90 రోజుల పని చూపించాలి. గీత ఏం చూపిస్తుంది? కూలి అడిగే ముందు పేరు అడగండి. మొగుడు పక్కనే ఉన్నా సరే, వేరే వరసలో రాయమనండి. మా ఇంట్లో దీనికి రెండు రోజులు గొడవైంది, దాచను.

మన తెలుగువాళ్ళకి ఇంకో చిక్కుంది. సీటుకో ఉద్యోగానికో రిజర్వేషన్ ఇచ్చే కులాల జాబితా రాష్ట్రానికొకటి. శ్రీకాకుళంలో మేనమామ పిల్లలకి వచ్చిన సర్టిఫికెట్ మనకి ఇక్కడ రాకపోవచ్చు. చివరి రోజున తెలుసుకుని ఏడవడం కంటే ముందే తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోండి. ఫిర్యాదు ఉంటే తెలుగులోనే రాసివ్వచ్చు, రాజ్యాంగం 350వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది. ఫారం మాత్రం ఒడియాలో ఉండొచ్చు. సిగ్గుపడకుండా ఒడియా నేర్చుకోండి, సైటులో మేస్త్రితో గొడవపడటానికైనా పనికొస్తుంది.

మీటింగయ్యాక బయట వేపచెట్టు కింద బెంచీ మీద ఉంటాను. పాత లెవల్ మెషిన్ ఒకటి తెచ్చాను. వరసగా వచ్చి చూడండి, ముందు తల్లులు.