తీగ మూడు మీటర్లు, డిస్క్‌కి లో వోల్టేజ్

శ్రోతలకు నమస్కారం.

మొన్న వేసవిలో విశాఖ ఎంవీపీ కాలనీలో మా అక్క వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. భోజనాలయ్యాక మేనకోడలి పెళ్లి వీడియో పెట్టారు బావగారు. టీవీ గోడకి ఎత్తుగా బిగించి ఉంది. యూఎస్‌బీ పోర్టు దాని వెనకాల, చెయ్యి దూరని చోట. అందుకని మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ కేబుల్ కిందికి లాగి, చివర హార్డ్ డిస్క్ తగిలించారు. సరిగ్గా జీలకర్ర బెల్లం ఘట్టానికి వచ్చేసరికి బొమ్మ ఆగిపోయింది. డిస్క్ తీసి పెడితే రెండు నిమిషాలు ఆడింది, మళ్లీ పోయింది.

"ఏమోయ్, డిస్క్ పోయినట్టేనా? పెళ్లంతా ఇందులోనే ఉంది" అన్నారు బావగారు. అక్క మొహంలో టెన్షన్.

డిస్క్‌ని చెవి దగ్గర పెట్టుకున్నాను. లోపల పళ్లెం తిరగబోతుంది, టిక్కుమంటుంది, ఆగిపోతుంది. మళ్లీ మొదలు. ఎండాకాలం రాత్రి లో వోల్టేజ్‌లో ఫ్రిజ్ మోటారు మూలిగి మూలిగి ఆగిపోతుంది చూడండి, అచ్చం అలాగే. ఎక్స్‌టెన్షన్ పీకేసి, డిస్క్‌తో వచ్చిన పొట్టి కేబుల్‌తో నేరుగా నా ల్యాప్‌టాప్‌కి పెట్టాను. లక్షణంగా తెరుచుకుంది.

ఇంట్లో ఎవరికైనా ఈ సమస్య వస్తే మొదట చేయాల్సింది ఇదే. మధ్యలో తీగ తీసేసి నేరుగా పెట్టి చూడండి. నేరుగా పనిచేస్తే డ్రైవ్‌ని తిట్టుకోవద్దు.

యూఎస్‌బీ తీగలో డేటాతో పాటు కరెంటూ నడుస్తుంది, 5 వోల్టులు. యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, యూఎస్‌బీ 3 అయితే 900. పెన్ డ్రైవ్‌కి అది సరిపోతుంది. తిరిగే డిస్క్ మాత్రం స్టార్టయ్యే క్షణంలో ఒక ఆంపియర్ దాకా లాగొచ్చు.

బావగారి కేబుల్ తొడుగు మీద చిన్న అక్షరాలున్నాయి. కళ్లజోడు పైకెత్తి, కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చదివితే '28 ఏడబ్ల్యూజీ' అని తేలింది. ఈ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 28 నంబరు రాగి తీగకి మీటరుకి సుమారు 0.21 ఓమ్‌ల నిరోధం. కరెంటు వెళ్లడానికి మూడు మీటర్లు, తిరిగి రావడానికి మూడు, వెరసి ఆరు. అర ఆంపియర్ లాగితే దారిలోనే 0.6 వోల్టుల పైచిలుకు హరించుకుపోతుంది. 5 వోల్టులు బయల్దేరితే చేరేది 4.4 కంటే తక్కువే. అదే 24 నంబరు తీగయితే పోయేది పావు వోల్టు. కొనేటప్పుడు మనం చూసేది మాత్రం రంగూ, రేటూ!

కరెంటు చాలినా డేటా దెబ్బతినొచ్చు. యూఎస్‌బీ 2 కేబుల్‌కి 5 మీటర్లు హద్దు. యూఎస్‌బీ 3 వేగం ఎక్కువ కాబట్టి 3 మీటర్లు దాటితే కష్టమే. అసలు యూఎస్‌బీ 2 ప్రమాణాల్లో మామూలు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌కి అనుమతే లేదు. అయినా బజార్లో గుట్టలుగా అమ్ముతారు, మనమూ కొంటాం. దానికి తోడు మనది సముద్రపు గాలి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఈ కేబుళ్ల మూతి లోపల పచ్చటి చిలుము చూశాను. అలాంటిది కనిపిస్తే కేబుల్ మార్చేయడమే.

కంప్యూటర్‌కి పెడుతుంటే క్యాబినెట్ వెనక పోర్టు వాడండి. ముందు పోర్టుకి లోపల ఇంకో తీగ ఉంటుంది, పొడవు అక్కడే మొదలైపోతుంది.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. సినిమా చూస్తుండగా డ్రైవ్ ఊడితే చిరాకు, అంతే. కాపీ అవుతుండగా ఊడితే ఫైళ్లే పాడవుతాయి. ఆ తర్వాత కంప్యూటర్ 'ఫార్మాట్ చేయమంటారా' అని అడగొచ్చు. కంగారులో అవునని నొక్కకండి. నేరుగా ఇంకో కంప్యూటర్‌కి పెట్టి, ముందు ఫైళ్లు వేరేచోటికి ఎత్తేయండి.

దూరం తప్పదనుకుంటే, సొంత అడాప్టర్‌తో వచ్చే హబ్, అంటే ఒక యూఎస్‌బీ పోర్టుని నాలుగైదు చేసే చిన్న పెట్టె, కొనండి. డిస్క్‌కి కావాల్సిన కరెంటు గోడ ప్లగ్గు నుంచే వస్తుంది. షాపులో ఉత్త 'హబ్' అంటే అడాప్టర్ లేనిది చేతిలో పెడతారు, అడిగి తీసుకోండి. పెన్ డ్రైవ్ అయితే యాక్టివ్ కేబుల్ చాలు, సిగ్నల్‌ని మధ్యలో మళ్లీ బలపరిచే చిప్ అందులో ఉంటుంది.

బావగారు హబ్ కొన్నారు. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా ఆగకుండా చూశాం. పాత కేబుల్ పారేయడానికి మాత్రం ఆయనకి మనసొప్పలేదు. ఇప్పుడు దాని చివర కంప్యూటర్ మౌస్ ఉంది. మౌస్ లాగే కరెంటు ఎంతని, దాని డేటా ఎంతని! హాయిగా పనిచేస్తోంది.