సోమలింగం పేరు ముందే పెట్టండి! డీడ్‌లో ఆ ఒక్క లైన్ మీ సగం ఆస్తి తినేస్తుంది

మీకు పార్ట్‌నర్‌షిప్ వ్యాపారం ఉంటే వీడియో పాజ్ చేసి ఆ డీడ్, అంటే భాగస్వాములు రాసుకున్న ఒప్పంద పత్రం, బయటకు తీయండి. బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. వ్యాపారం ఏమిటో రాసిన పేరా చూడండి. దాని చివర ఒక తోక ఉంటుంది: "మరియు భాగస్వాములు ఎప్పటికప్పుడు పరస్పరం అంగీకరించు ఇతర వ్యాపారములు." దొరికిందా? డాక్యుమెంట్ రైటర్ కంప్యూటర్లో ఆ తోక లేని ఫార్మాట్ నేనైతే చూడలేదు. కిరాణా షాపుకీ అదే, రొయ్యల చెరువుకీ అదే, వంద ఫ్లాట్ల వెంచర్‌కీ అదే.

నేను చెప్పేది ఒక్కటే. ఆ డీడ్ మొత్తంలో అన్నిటికన్నా ఖరీదైన లైన్ అది. కొట్టేయండి. రేపు రాబోయే ప్రాజెక్టు ఎలాంటిదైతే ఇద్దరిదీ, ఎలాంటిదైతే కాదు, ఇవాళే రాసుకోండి.

పోయిన వీడియోలో ఇదే మాట అంటే లాయర్లు కూడా నా మీద పడ్డారు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. రాని ప్రాజెక్టుకి ఇప్పుడే డెఫినిషన్ ఏంటి? అందుకే ఓపెన్‌గా వదిలేస్తాం" అని. సరే సార్, ఓపెన్‌గా వదిలారు. ఆ తెరిచిన తలుపు దగ్గర కూర్చున్నది ఎవరు? ముందు అది చెప్పండి.

న్యూయార్క్ వెళ్దాం. ఫిఫ్త్ అవెన్యూ, 42వ వీధి కలిసే చోటు. అక్కడుండే మనవాళ్లు పబ్లిక్ లైబ్రరీ ముందు రాతి సింహాలతో ఫొటోలు దిగుతుంటారు కదా, అక్కడి నుంచి 42వ వీధి దాటితే వచ్చే వాయవ్య మూల. (వాయవ్యం అనగానే వాస్తు మొదలుపెట్టకండి ప్లీజ్. ఆ స్థలం కోర్టుకెక్కింది వాస్తు వల్ల కాదు.)

1902లో సాల్మన్ అనే ఆయన అక్కడున్న హోటల్ బ్రిస్టల్‌ని 20 ఏళ్లకు లీజుకు తీసుకున్నాడు. దాన్ని షాపులు, ఆఫీసులుగా మార్చడానికి 2 లక్షల డాలర్లు కావాలి. సగం డబ్బు మైన్‌హార్డ్ అనే ఉన్ని వ్యాపారి పెట్టాడు. లాభంలో ఆయనకి మొదటి 5 ఏళ్లు 40 శాతం, ఆ తర్వాత సగం. నష్టమొస్తే చెరిసగం. నడిపేది మాత్రం సాల్మన్ ఒక్కడే, లీజు కూడా సాల్మన్ పేరు మీదే. మన భాషలో చెప్పాలంటే సాల్మన్ వర్కింగ్ పార్ట్‌నర్, మైన్‌హార్డ్ స్లీపింగ్ పార్ట్‌నర్.

గడువు ఇంకా నాలుగు నెలలు కూడా లేదనగా స్థలం ఓనరు గెర్రీ సాల్మన్ దగ్గరికొచ్చాడు. పక్క స్థలాలు కూడా గెర్రీవే. అన్నీ కలిపేద్దాం, పాతవి పడగొట్టి 30 లక్షల డాలర్లతో పెద్ద బిల్డింగ్ కడదాం, రెన్యువల్స్‌తో కలిపి లీజు 80 ఏళ్ల వరకూ పోవచ్చు అన్నాడు. సాల్మన్ 1922 జనవరిలో తన సొంత కంపెనీ పేరు మీద సంతకం పెట్టేశాడు. మైన్‌హార్డ్‌కి తెలిసింది ఫిబ్రవరిలో!

కోర్టు మెట్లెక్కారు. తుది తీర్పు 1928 డిసెంబరు 31న వచ్చింది. ఇరవై ఏళ్ల స్నేహానికి ఆరేళ్లకు పైగా కోర్టు. తీర్పు రాసింది న్యూయార్క్ అత్యున్నత కోర్టు ముఖ్య జడ్జి కార్డోజో. కొత్త ప్రాజెక్టులో దాదాపు సగం మైన్‌హార్డ్‌దే, పెత్తనం పోకుండా సాల్మన్‌కి ఒక్క షేరు ఎక్కువ అన్నాడు. సంతలో బేరగాళ్లకి సరిపోయే నీతి భాగస్వాములకి సరిపోదన్నాడు. లా కాలేజీల్లో ఈ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు.

నేను చప్పట్లు కొట్టను. ఎందుకంటే ఆ తీర్పు 4-3! ఏడుగురు జడ్జిల్లో ముగ్గురు సాల్మన్ వైపే. వాళ్ల తరఫున ఆండ్రూస్ రాసింది చదవండి. వీళ్లు కలిసింది ఒక్క లీజు కోసం, దానికో గడువుంది, గడువు తీరింది, కొత్త లీజులో వాటా ఎక్కడిది అన్నాడు. తప్పా? నాకైతే తప్పనిపించలేదు. ఒక్క జడ్జి ఇటు నుంచి అటు జరిగి ఉంటే మైన్‌హార్డ్‌కి గుండుసున్నా. "ఈ మూలలో ఇదే ఓనరు ఇచ్చే కొత్త లీజు కూడా ఇద్దరిదే" అని గానీ, "కాదు" అని గానీ ఒక్క వాక్యం ఉంటే కార్డోజోకి అంత నీతి చెప్పే పని పడేది కాదు.

ఇప్పుడు నా థియరీ. మీకు నచ్చకపోయినా వినండి. గెర్రీకి అసలు మైన్‌హార్డ్ అనే మనిషి ఉన్నాడనే తెలియదు. ఎలా తెలుస్తుంది? తర్వాతి ప్రాజెక్టు ఎప్పుడూ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడినే వెతుక్కుంటూ వస్తుంది. డబ్బు పెట్టి ఇంట్లో కూర్చున్నవాడి తలుపు తట్టదు. కాబట్టి డీడ్‌లో ఆ మసక లైన్ బద్ధకం వల్ల వచ్చింది కాదు. గల్లా దగ్గరున్నవాడికి అది ఫ్రీగా దొరికే హక్కు. డీడ్ టైపు చేయించి తెచ్చేది కూడా ఎక్కువగా వాడే, గమనించారా?

మా ఊళ్లో ఇద్దరు స్నేహితులు, పేర్లెందుకులెండి, కలిసి ఒక అపార్ట్‌మెంట్ కట్టారు. అమ్మకాలు అయ్యాయి. పక్క సైటు ఓనరు వచ్చి నాదీ కట్టండి అన్నాడు. సైటు మీద ఉండే పార్ట్‌నర్ దాన్ని బావమరిది పేరు మీద తీసుకున్నాడు. రెండో ఆయన డీడ్ పట్టుకుని వస్తే, "అందులో ఏముంది? అంగీకరించు ఇతర వ్యాపారములు. నేను అంగీకరించలేదుగా" అన్నాడు. చూశారా! అంగీకరిస్తే మనది, లేకపోతే నాది. ఆ లైన్ అసలు అర్థం ఇదీ.

"మన చట్టం కాపాడుతుంది కదా" అంటారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం, 16వ సెక్షన్. ఫర్మ్ ఆస్తినో, పేరునో, వ్యాపార సంబంధాలనో వాడుకుని సొంతంగా సంపాదిస్తే లెక్క చెప్పి కట్టాలి. అదే రకం వ్యాపారం, అదీ పోటీగా చేస్తే, ఆ లాభమూ కట్టాలి. బాగుంది. మరి అపార్ట్‌మెంట్ల ఫర్మ్‌లో పార్ట్‌నర్ ఫంక్షన్ హాల్ కడితే? అదే రకమా? విజయవాడ ఫర్మ్ పార్ట్‌నర్ గుంటూరులో కడితే పోటీయా? ఇవన్నీ తేల్చేది జడ్జి. అప్పటికి మీ పిల్లల పెళ్లిళ్లు కూడా అయిపోతాయి.

ఇంకో పక్క 17వ సెక్షన్ ఉంది. ఒక పని కోసం పెట్టిన ఫర్మ్ ఇంకో పని కూడా చేస్తే, పాత పనికి ఉన్న హక్కులూ బాధ్యతలే కొత్తదానికీ వర్తిస్తాయి, వేరేగా రాసుకోకపోతే. అంటే 20 లక్షల షాపుకి రాసుకున్న చెరిసగం, 20 కోట్ల వెంచర్‌కి కూడా చెరిసగమే. పెట్టుబడి మొత్తం ఒకడిదైనా! కాబట్టి గల్లా దగ్గర కూర్చున్న అన్నలూ, నవ్వకండి, ఈ మసక మీకూ దెబ్బే.

సరే, రాని ప్రాజెక్టుని ఎలా రాయాలి? దీనికి జవాబు 1872లోనే ఉంది. కాంట్రాక్ట్ చట్టం 29వ సెక్షన్, అర్థం తేలని ఒప్పందం చెల్లదు. దాని కింద ఉదాహరణలు భలే ఉంటాయి. "వంద టన్నుల నూనె అమ్ముతా" అంటే చెల్లదు, ఏ నూనె? అదే మనిషి కొబ్బరినూనె ఒక్కటే అమ్మే వ్యాపారి అయితే చెల్లుతుంది. "రామ్‌నగర్‌లో నా గాదెలో ఉన్న ధాన్యమంతా" అన్నా చెల్లుతుంది. ఎన్ని బస్తాలో రాయలేదు చూడండి. ఏ గాదె అన్నది తేలితే చాలు. సోమలింగం ఎంత పొడుగు అవుతాడో మనకి అక్కర్లేదు, ఎవరి కొడుకో తెలిస్తే చాలు.

సినిమా వాళ్ల ఒప్పందాల్లో కూడా ఇదే జబ్బు. "ఇప్పుడున్న, ఇకపై కనిపెట్టబోయే సమస్త మాధ్యమాలు" అని ఒక్క గీతలో భవిష్యత్తంతా రాయించుకోవడం. 2012లో కాపీరైట్ చట్టం 18వ సెక్షన్‌ని సవరించారు. ఒప్పందం రోజుకి లేని, వ్యాపారంగా వాడుకలోకి రాని మాధ్యమానికి ఆ హక్కు వర్తించదు, దాని పేరెత్తి ప్రత్యేకంగా రాస్తే తప్ప. పార్లమెంటు కూడా నా వైపే అన్నమాట!

అమెరికాలో డెలావేర్ అనే రాష్ట్రం కంపెనీ చట్టం 2000లో ఇంకా ముందుకెళ్లింది. ఫలానా అవకాశాలు, ఫలానా తరహా అవకాశాలు కంపెనీకి అక్కర్లేదని ముందే వదిలేసుకోవచ్చు. హైదరాబాద్‌లో కూర్చుని డెలావేర్‌లో కంపెనీ పెట్టే స్టార్టప్ తమ్ముళ్లూ, మీ ఇన్వెస్టర్ పేపర్లలో ఈ క్లాజు ఉందేమో వెతకండి. ఉంటే మీ పోటీ కంపెనీలో కూడా ఆయన డబ్బు పెట్టుకోవచ్చని మీరే సంతకం పెట్టి ఉంటారు.

మరి నేనేం రాశానంటారా? ఈ ఛానెల్ నాదీ, మా ఎడిటర్‌దీ. మా కాగితంలో ఇలా ఉంది: "తెలుగులో చట్టం, డబ్బు గురించి చేసే వీడియో ఏదైనా, ఎక్కడ పెట్టినా ఇద్దరిదీ. విడిపోయాక 12 నెలల వరకూ ఇదే వర్తిస్తుంది. పుస్తకం, కోచింగ్ ఎవరిది వారిదే. ఛానెల్ పేరు చూసి ఎవరికి ఆఫర్ వచ్చినా 7 రోజుల్లో రెండోవారికి వాట్సాప్‌లో చెప్పాలి. వాళ్లు 15 రోజుల్లో సరే అనకపోతే, ఆఫర్ వచ్చినవారు ఒంటరిగా చేసుకోవచ్చు." అరపేజీ. దానికే రెండు గంటలు కొట్టుకున్నాం. షార్ట్స్ కూడా "వీడియో" అన్న మాట కిందికి వస్తాయా రావా అని ఒక గంట. మధ్యలో టీ చల్లారిపోయింది, టెన్షన్‌లో ఎవరూ తాగలేదు.

హిందీ డబ్బింగ్ సంగతి ఇంకా తేలలేదు. ఈ వీడియో ఎడిట్ చేసేది వాడే కాబట్టి, ఆ ముక్క ఉంచుతాడో కోసేస్తాడో చూడాలి.