తుక్కయిపోయిన 46 కార్లు

(ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆటోమొబైల్ విద్యార్థి సంఘం ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, హెచ్.ఓ.డి. గారికి, వేదిక మీదున్న పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారాలు చెప్పాలి. కానీ నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ పని తీరిగ్గా చేశారు కాబట్టి నేను నేరుగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం 'ఎలక్ట్రిక్ వాహనాల భవిష్యత్తు'. బాబూ, భవిష్యత్తు సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. నేను రిటైరైన మేష్టారిని. నాకు తెలిసింది 1963. ఆ ఏడాది అమెరికాలో క్రైస్లర్ కంపెనీ ఒక కారు బయటికి తెచ్చింది. దాని బానెట్ ఎత్తితే పిస్టన్లూ లేవు, రేడియేటరూ లేదు. ఉన్నది గ్యాస్ టర్బైన్. అంటే విమానాన్ని నడిపే జాతి ఇంజన్.

దీని వెనకాల పదేళ్ల పని ఉంది. జార్జ్ హ్యూబ్నర్ అనే ఇంజనీరు, ఆయన బృందం 1954లోనే క్రైస్లర్ వాళ్లదే ఒక ప్లిమత్ కారులో టర్బైన్ పెట్టి నడిపారు. 1956లో అలాంటి కారునే న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా తోలుకెళ్లారు. 1963 కారుకి బాడీ ఇటలీలో, టూరిన్‌లోని గియా అనే కార్ల బాడీ కంపెనీ వాళ్లు చేతిపనితో కట్టారు. ఇంజన్ పెట్టింది అమెరికాలోని డెట్రాయిట్‌లో. నమూనాలు 5, జనానికి ఇవ్వడానికి 50, మొత్తం 55 కార్లు. ఈ టూరిన్ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

మెకానికల్ పిల్లలు వినండి. కంప్రెసర్ గాలిని పీల్చి నొక్కుతుంది, బర్నర్‌లో ఇంధనం మండుతుంది, ఆ వేడి గాలి మొదటి టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం కంప్రెసర్‌ను నడుపుతుంది. మిగిలిన గాలి రెండో చక్రాన్ని తిప్పితే కారు కదులుతుంది. రెండు చక్రాల మధ్య ఇనప బంధం ఏమీ లేదు. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒక్కదానికే స్విచ్ వేస్తే రెండోదీ తిరుగుతుందే, అదే సూత్రం. అందుకే బ్రేకు తొక్కి పట్టినా ఇంజన్ ఆగిపోదు. కదిలే భాగాలు 60 దాకా మాత్రమే. పిస్టన్ ఇంజన్‌లో 300 ఉంటాయి. స్పార్క్ ప్లగ్ ఒక్కటే, అది కూడా స్టార్ట్ చేసేటప్పుడే పని. కారు నిలబడి ఉన్నప్పుడే నిమిషానికి 18,000 చుట్లు, పూర్తిగా తొక్కితే 44,000 పైన. హార్స్‌పవర్ 130 మాత్రమే.

బయటికి పోయే పొగ వేడిని ఊరికే వదిలేయకుండా, తిరిగే రెండు రీజనరేటర్ల ద్వారా వెనక్కి లాగి లోపలికొచ్చే గాలికి ఇచ్చారు. పరీక్షలో ఈ ముక్క రాస్తే మీకు మార్కులు వేస్తారో లేదో గానీ, నేనైతే వేసేవాణ్ణి.

ఇంధనమా? డీజిల్, కిరోసిన్, జెట్ ఇంధనం, ఏదైనా సరే. మెక్సికో అధ్యక్షుడు లోపెజ్ మాటెయోస్ దగ్గరికి తీసుకెళితే టెకీలాతో, అంటే వాళ్ల దేశపు సారాతో, నడుస్తుందా అని అడిగాడట. పోసి నడిపి చూపించారు. దీనికి సరిపడనిది ఒక్కటే, సీసం కలిపిన పెట్రోలు. సీసం లోపల పేరుకుపోతుంది. ఆ రోజుల్లో అమెరికాలో ఏ బంకుకెళ్లినా దొరికేది ఆ పెట్రోలే! సారాతో నడిచే కారుకి బంకులో పెట్రోలు పనికిరాలేదు.

ఆ 50 కార్లనూ కంపెనీ అమ్మలేదు. దరఖాస్తు చేసుకున్న వాళ్లలోంచి 203 మందిని ఎంచి, ఒక్కొక్కరికి మూడు నెలలు ఉచితంగా ఇచ్చింది. ఇంధనం ఖర్చు మాత్రం వాళ్లదే. అందరూ కలిసి పది లక్షల మైళ్లకు పైగా తిప్పారు. శబ్దం వాక్యూం క్లీనర్‌లా ఉందన్నవాళ్లున్నారు, తొక్కిన వెంటనే లేవడం లేదని విసుక్కున్నవాళ్లున్నారు. మైలేజీ గురించి గొప్పగా చెప్పుకున్నవాళ్లు తక్కువే. 1966 జనవరికి ఆ కార్యక్రమం ముగిసింది. కార్లన్నీ వెనక్కి తీసుకున్నారు.

ఆ తర్వాత 46 కార్లను తుక్కు చేసేశారు. ఏ లోపమూ లేని, నడుస్తున్న కార్లు. మిగిలినవి 9. వాటిలో కొన్ని మ్యూజియంలకు ఇచ్చారు, అవీ నడవకుండా ఇంజన్లో ముఖ్యమైన భాగాలు తీసేసి. ఇప్పుడు నడిచే వాటిలో ఒకటి అమెరికా టీవీ వ్యాఖ్యాత జే లెనో దగ్గరుంది.

ఎందుకు చేశారు? ఇదే మిస్టరీ అని అరవై ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. ఎక్కువగా వినిపించేది టూరిన్ కథ. బాడీలు ఇటలీ నుంచి వచ్చాయి కాబట్టి దేశంలో ఉంచుకుంటే కస్టమ్స్ సుంకం కట్టాలి, అందుకే ధ్వంసం చేశారు అని. నాకు ఇది పూర్తిగా మింగుడుపడదు. పదేళ్ల పరిశోధన మీద అన్ని కోట్లు పోసిన కంపెనీకి యాభై బాడీల సుంకం ఒక లెక్కా? రేపు ఈ కార్లు సెకండ్‌హ్యాండ్ షెడ్లలో ఆగిపోయి, ఎవడో పిస్టన్ ఇంజన్ బిగించి తిప్పుకుంటే పరువు పోతుందని భయపడ్డారని ఇంకో మాట. ఇది నాకు దగ్గరగా అనిపిస్తుంది. ఎందుకంటే ఆ ఆలోచన నేను దగ్గర్నుంచి చూశాను.

ఇక్కడ నా గోడు కొంచెం వినాలి. హెచ్.ఓ.డి. గారు వాచీ చూసుకుంటున్నారు, ఫరవాలేదు సార్, టీకి ముందే ముగిస్తాను.

నేను పనిచేసిన ఒక కాలేజీలో, పేరొద్దు, ల్యాబ్‌లో ఒక రేడియల్ విమాన ఇంజన్ ఉండేది. కోసి లోపలి భాగాలు కనిపించేలా చేసిన ముక్క. తొమ్మిది సిలిండర్లు, పళ్లెంలా చుట్టూ. చేతి పిడి తిప్పితే మాస్టర్ రాడ్ తిరిగి మిగతా ఎనిమిది రాడ్లూ దాన్ని పట్టుకుని కదిలేవి. పిడి దగ్గర పెయింటు పిల్లల చేతులకి అరిగి లోపలి ఇత్తడి బయటపడింది. బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీసినా అర్థంకాని పిల్లవాడు ఒక్కసారి ఆ పిడి తిప్పి "ఓహో" అనేవాడు. నేను స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లి వచ్చేసరికి ఆ మూల ఖాళీ. కొత్త కంప్యూటర్ల ల్యాబ్‌కి చోటు కావాలట. పాత సామాను పనికిరాదని తేల్చే కండెమ్నేషన్ కమిటీ సంతకాలు పెట్టేసింది. స్టాక్ రిజిస్టర్‌లో ఆ ఇంజన్ ఎదురుగా ఎర్ర ఇంకుతో 'పాత ఇనుము' అని రాసి, కిలోల లెక్కన టెండరు వేశారు. గేటు దగ్గర గ్యాస్ కట్టర్ వాడు దాన్ని లారీలోకి పట్టే సైజుకి కోస్తున్నాడు. క్రాంక్ షాఫ్ట్ ఒక పట్టాన తెగడం లేదని నాకే చెప్పుకున్నాడు! మంచి స్టీలు సార్, అన్నాడు.

కమిటీలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఒకరికి చోటు కావాలి, ఒకరికి ఆడిట్ అభ్యంతరం తీరాలి, ఒకరికి సంతకం పెట్టి ఇంటికెళ్లాలి. డెట్రాయిట్‌లో కూడా ఇంతకంటే పెద్ద కుట్ర జరిగి ఉంటుందని నేను అనుకోను. సుంకం ఒక కారణం, పరువు ఒక కారణం, గోడౌన్ అద్దె ఒక కారణం. అన్నీ చిన్నవే. కలిస్తే 46 కార్లు పోయాయి.

క్రైస్లర్ ఆ తర్వాత కూడా టర్బైన్ మీద ఏళ్ల తరబడి పనిచేసింది. కాలుష్యంలో నైట్రోజన్ ఆక్సైడ్లు అడ్డం వచ్చాయి, తర్వాత కంపెనీకే అప్పుల కష్టాలొచ్చాయి. చివరికి వాళ్ల రక్షణ విభాగం రూపొందించిన ఎమ్-1 ట్యాంకులో టర్బైన్ నిలబడింది, రోడ్డు మీది కారులో నిలబడలేదు.

ఇంతకీ నేను వచ్చేటప్పుడు మీ వర్క్‌షాపు వెనక ఒక రేకుల షెడ్డు చూశాను. సందులోంచి పాత సింగిల్ సిలిండర్ ఆయిల్ ఇంజన్ ఫ్లైవీల్ ఒకటి కనిపించింది. దాని మీద తెల్ల పెయింటుతో నంబరు వేసి ఉంది. టెండరుకి వేసే నంబరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ప్రిన్సిపాల్ గారూ, మీరు నన్ను పిలిచినందుకు కోపం తెచ్చుకోకండి. ఆ షెడ్డు తాళం ఎవరి దగ్గరుందో ముందు చెప్పండి. ఫైనల్ ఇయర్ పిల్లలు ఓ నలుగురు నాతో రండి, టీ తర్వాత తాగుదాం.