కొత్త డిఫెన్సివ్ కోఆర్డినేటర్ వచ్చాడు: స్కీమ్ ఎలా ఉంటుందో ముందే పసిగట్టడం ఎలా?

నమస్తే అండి. కాలేజ్ ఫుట్‌బాల్ కొద్దో గొప్పో చూస్తూ, ఫస్ట్ డౌన్ అంటే ఏంటో, టచ్‌డౌన్ అంటే ఏంటో తెలిసినవాళ్ళ కోసం ఈ వీడియో. డిఫెన్స్ వైపు ఏం జరుగుతోందో అర్థంకాక, బంతి ఎటు పోతే కళ్ళు అటే తిప్పేవాళ్ళయితే మరీ మీ కోసమే.

ఏటా జనవరి వచ్చేసరికి అమెరికా కాలేజీల్లో కోచ్‌ల గోడదూకుళ్ళు మొదలవుతాయి. మీరు చదివిన యూనివర్సిటీకో, మీ పిల్లలు చదువుతున్న యూనివర్సిటీకో కొత్త డిఫెన్సివ్ కోఆర్డినేటర్ (డిఫెన్స్ స్కీమ్, అంటే ఆట పథకం, గీసే కోచ్) వచ్చాడని ఫోన్‌లో నోటిఫికేషన్ పడుతుంది. వెంటనే అందరూ ఆయన పాత టీమ్ వీడియోలు తీసి కూర్చుంటారు. చూడండి, తప్పులేదు. కానీ దానికంటే ముందు ఆయన చేతికి ఏ ఆటగాళ్ళు రాబోతున్నారో చూడాలి. ఆ లెక్క తేలాకే పాత వీడియోకి అర్థం ఉంటుంది.

దీనికి ఫలితం వచ్చేసిన కేసు ఒకటి తీసుకుందాం, మన అంచనా సరిపోయిందో లేదో చూసుకోవచ్చు. ఒహాయో స్టేట్, 2025 సీజన్, మ్యాట్ పాట్రీషియా.

[స్క్రీన్ మీద: 2025 జనవరి 20, అట్లాంటా. ఒహాయో స్టేట్ 34, నోటర్ డేమ్ 23]

ఒహాయో స్టేట్ నేషనల్ టైటిల్ కొట్టిన రాత్రి స్కోరు ఇది. ఆ సీజన్‌లో దేశంలో అందరికంటే తక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ వాళ్ళదే. దాన్ని నడిపిన జిమ్ నోల్స్ నెల తిరక్కుండానే పెన్ స్టేట్‌కి వెళ్ళిపోయాడు. ఫిబ్రవరిలో హెడ్ కోచ్ రయన్ డే ఆ కుర్చీలో పాట్రీషియాని కూర్చోబెట్టాడు.

అభిమానులు పెదవి విరిచారు. ఎందుకు విరవరు? ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో డెట్రాయిట్ లయన్స్ హెడ్ కోచ్‌గా ఆయన రికార్డు 13 గెలుపులు, 29 ఓటములు, ఒక టై. 2022లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఆయనకి అఫెన్స్ అప్పజెప్పింది, ఆ ముచ్చట ఒక్క ఏడాదే. కానీ 2012 నుంచి 2017 దాకా అదే పేట్రియట్స్‌కి ఆయన డిఫెన్సివ్ కోఆర్డినేటర్. అప్పటి పేట్రియట్స్ హెడ్ కోచ్ బిల్ బెలిచిక్ దగ్గర పనిచేసిన మనిషి, చదువేమో ఏరోనాటికల్ ఇంజనీరింగ్. హెడ్ కోచ్‌గా ఎలా చేశాడన్నది వేరే పరీక్ష. ఇక్కడ మనం దిద్దాల్సింది డిఫెన్స్ పేపర్ మాత్రమే.

సరే, ముందు రోస్టర్, అంటే ఆటగాళ్ళ జాబితా. గెలిచిన టీమ్‌లోని పదకొండు మంది డిఫెన్స్ స్టార్టర్లలో ఎనిమిది మంది వెళ్ళిపోయారు, ఎనిమిది మందీ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యారు. డిఫెన్సివ్ లైన్ అయితే నలుగురికి నలుగురూ ఖాళీ. ఇది చూసి చాలామంది ఈ ఏడాది కష్టమే అనేశారు. పోయినవాళ్ళ సంగతి సరే, మిగిలిందెవరో చూడండి.

కేలబ్ డౌన్స్, సేఫ్టీ, అంటే అందరికంటే వెనక కాపలా ఉండేవాడు. అలబామా నుంచి వచ్చినవాడు. వెనక లోతులో నిలబడగలడు, స్లాట్ రిసీవర్ (లోపలి వైపు నిలబడే రిసీవర్) మీదికి రాగలడు, లైన్‌బ్యాకర్ల (డిఫెన్సివ్ లైన్ వెనక నిలబడేవాళ్ళ) పక్కన చేరి పరుగు ఆపగలడు. సోనీ స్టైల్స్ లైన్‌బ్యాకరే, కానీ 2023 వరకు సేఫ్టీ ఆడాడు, అంటే పాస్ కవరేజ్ వచ్చిన లైన్‌బ్యాకర్. ఇక ఆర్వెల్ రీస్ మధ్యలో నిలబడితే లైన్‌బ్యాకర్, చివరికి జరిపితే పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికే రషర్. గమనించారా? ముగ్గురిలో ఎవరూ ఒక్క పొజిషన్‌కి కట్టుబడే రకం కాదు.

ఇప్పుడు పాత పేట్రియట్స్ వీడియో తీయండి. నాకు పనికొచ్చినవి అందులో కొన్నే. పాట్రీషియా అక్కడ ముగ్గురు సేఫ్టీలని ఒకేసారి తెగ ఆడించేవాడు: డెవిన్ మెకోర్టీ, ప్యాట్రిక్ చంగ్, డురాన్ హార్మన్. డోంటా హైటవర్ అనే లైన్‌బ్యాకర్‌ని ఒకసారి మధ్యలో, ఒకసారి అంచున పెట్టేవాడు. అట్లాంటా ఫాల్కన్స్ 28-3 ఆధిక్యంలో ఉండి పేట్రియట్స్ చేతిలో ఓడిపోయిన సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) గుర్తుందా? నాలుగో క్వార్టర్‌లో ఫాల్కన్స్ క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయన్ చేతిలోంచి బంతి ఊడగొట్టింది ఈ హైటవరే. ఇప్పుడు హైటవర్ చోట రీస్‌నీ, చంగ్ చోట డౌన్స్‌నీ పెట్టి చూడండి. పాట్రీషియా పుస్తకంలో చాలా పేజీలున్నాయి, వాటిలో ఏవి తెరుస్తాడో ఆటగాళ్ళే చెప్పేస్తున్నారు. పైగా నోల్స్ కూడా ముగ్గురు సేఫ్టీలనే ఆడించాడు కాబట్టి ఆటగాళ్ళకి ఆ అమరిక కొత్త కాదు. డిఫెన్సివ్ లైన్ కోచ్ ల్యారీ జాన్సన్ అప్పటికే 2014 నుంచి అక్కడ ఉన్నాడు. కొత్త కోఆర్డినేటర్ వచ్చినప్పుడు కింది కోచ్‌లు మారారా, ఉన్నారా అన్నది తప్పకుండా చూడండి. ఉంటే పునాది తవ్వరు, పైన గదులు మాత్రమే మారుస్తారు.

కానీ ఎన్‌ఎఫ్‌ఎల్ పుస్తకం కాలేజీకి యథాతథంగా పనికిరాదు. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం, ఎందుకంటే టీవీలో దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు.

[స్క్రీన్ మీద: పైనుంచి మైదానం, హ్యాష్ మార్కులు ఎర్ర రంగులో]

మైదానం వెడల్పు రెండుచోట్లా 160 అడుగులే. మధ్యలో కనిపించే ఈ గీతలే హ్యాష్ మార్కులు. ప్లే మొదలయ్యేటప్పుడు బంతి ఈ రెండు వరుసల మధ్యే ఎక్కడో ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండు వరుసలకీ మధ్య దూరం 18 అడుగుల ఆరు అంగుళాలు. కాలేజీలో 40 అడుగులు. దాంతో ఏమవుతుంది? కాలేజీలో బంతి ఎడమ హ్యాష్ మీద ఉంటే ఎడమ పక్క 60 అడుగులు, కుడి పక్క 100 అడుగులు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో విశాలమైన వైపు కూడా దాదాపు 89 అడుగులే. ఆ అదనపు దాదాపు పదకొండు అడుగుల్లోకే కాలేజ్ అఫెన్స్‌లు వేగమున్న కుర్రాళ్ళని వదుల్తాయి. అటువైపు కాపలా ఉండే సేఫ్టీకి పరుగెత్తాల్సిన దూరం పెరుగుతుంది. ప్రొఫెషనల్ ఆట నుంచి వచ్చే ఏ కోచ్ అయినా ముందు మార్చుకోవాల్సింది ఈ కోణాలే.

రెండోది లైన్‌మెన్ రూల్. పాస్ వేసేటప్పుడు అఫెన్సివ్ లైన్‌మెన్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక యార్డు దాటి ముందుకు పోకూడదు, కాలేజీలో మూడు యార్డుల దాకా పోవచ్చు. ఈ రెండు యార్డుల తేడాతో లైన్‌బ్యాకర్ బుర్ర తిరిగిపోతుంది. గార్డ్ (అఫెన్సివ్ లైన్‌మెన్‌లో ఒకడు) తన మీదికి దూసుకొస్తుంటే అది పరుగే అనుకుని ముందుకు ఉరుకుతాడు, బంతి అతని వెనక ఖాళీలో పడుతుంది. ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్, పరుగా పాసా అన్నది ప్లే మొదలయ్యాక క్వార్టర్‌బ్యాక్ తేల్చుకోవడం) అనే మాట వింటుంటారే, దాని బలమంతా ఇక్కడే ఉంది. సేఫ్టీగా పెరిగిన స్టైల్స్ లాంటి లైన్‌బ్యాకర్ ఎందుకంత విలువైనవాడో ఇప్పుడు తెలుస్తోంది కదా.

మూడోది టైమ్. సీజన్‌లో కాలేజ్ ఆటగాళ్ళకి వారానికి 20 గంటలే, మీటింగులతో సహా. ప్రతివారం కొత్త ప్లాన్ గీసే బెలిచిక్ పద్ధతి అంతా అందులో ఇమడదు. అందుకే కాల్స్ (ప్రతి ప్లేకి ముందు డిఫెన్స్‌కి ఇచ్చే ఆదేశాలు) తగ్గించి, అవే కాల్స్‌ని వేర్వేరు వేషాల్లో చూపించడం తెలివైన పని.

ఆ వేషం ఎలా ఉంటుందో గీసి చూపిస్తాను. ఇది నేను గీసిన బొమ్మ, ఏ మ్యాచ్‌లోదీ కాదు.

[స్క్రీన్ మీద: థర్డ్ డౌన్, ఏడు యార్డులు కావాలి]

క్రికెట్‌లో ఫీల్డ్ సెట్టింగ్ చూసి బౌలర్ ఎక్కడ వేయబోతున్నాడో బ్యాటర్ పసిగడతాడు, స్నాప్‌కి (బంతి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడానికి) ముందు క్వార్టర్‌బ్యాక్ చేసేదీ అదే. కాకపోతే ఇక్కడ బంతి కదిలిన మరుక్షణం ఫీల్డర్లంతా చోటు మార్చేయొచ్చు. చూడండి, లైన్ మీద ఆరుగురున్నారు. నలుగురు అటూ ఇటూ, రీస్, స్టైల్స్ సెంటర్‌కి (బంతి అందించే మధ్య లైన్‌మన్‌కి) రెండు పక్కలా. ఆరుగురూ వస్తారనుకుని అఫెన్సివ్ లైన్ లోపలికి ముడుచుకుంటుంది. స్నాప్ అయింది. స్టైల్స్ వెనక్కి జారుకున్నాడు, కుడి చివరి లైన్‌మన్ కూడా చిన్న పాస్ దారిలోకి తప్పుకున్నాడు. రీస్ మాత్రం దూకాడు. మొత్తం వచ్చింది నలుగురే, వెనక ఏడుగురు ఉన్నారు. కానీ కుడివైపు ఇద్దరు బ్లాకర్లు ఎవర్నీ ఆపకుండా గాలిని పట్టుకుని నిలబడ్డారు, రీస్ ముందు మాత్రం దారి ఖాళీ. దీన్నే సిమ్యులేటెడ్ ప్రెజర్ అంటారు. బ్లిట్జ్ (అదనపు మనుషుల్ని క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపడం) భయం పెడుతుంది కానీ బ్లిట్జ్ ఖర్చు ఉండదు.

ఇక అసలు పరీక్ష. 2025 ఆగస్టు 30, కొలంబస్. ప్రీ సీజన్ నంబర్ వన్ టెక్సస్, క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్. ఒహాయో స్టేట్‌లో పాట్రీషియాకి ఇది మొదటి మ్యాచ్... మొదటి మ్యాచ్‌కే ఇలాంటి ప్రత్యర్థి ఎవరికీ వద్దు లెండి.

టెక్సస్ 336 యార్డులు సాధించింది, ఒహాయో స్టేట్ 203. యార్డులు మాత్రమే చూస్తే ఎవరు గెలిచారంటారు? స్కోరు ఒహాయో స్టేట్ 14, టెక్సస్ 7. ఫోర్త్ డౌన్ మీద టెక్సస్ ఐదుసార్లు ప్రయత్నించి ఒక్కసారే దాటింది. మూడో క్వార్టర్‌లో గోల్ లైన్‌కి ఒక్క యార్డు దూరంలో ఫోర్త్ డౌన్. మ్యానింగ్ సెంటర్ వెనకే తలవంచి తోసుకెళ్ళబోయాడు, కొత్తగా స్టార్టర్లయిన లైన్ కుర్రాళ్ళు అక్కడికక్కడే మూసేశారు. చివర్లో మరో ఫోర్త్ డౌన్‌లో టైట్ ఎండ్ జాక్ ఎండ్రీస్ బంతి పట్టాడు, కానీ ఫస్ట్ డౌన్ మార్కర్ చేరకముందే డౌన్స్ వచ్చి పడేశాడు. పాత పేట్రియట్స్ పద్ధతి అచ్చంగా ఇదే: మైదానం మధ్యలో యార్డులు ఇస్తే ఇచ్చారు, ఎండ్ జోన్ దగ్గర పడేకొద్దీ తలుపులు మూస్తారు. అందుకే కొత్త కోఆర్డినేటర్‌కి మార్కులేసేటప్పుడు మొత్తం యార్డుల పట్టిక పక్కన పెట్టి, పాయింట్లూ, రెడ్ జోన్‌లో (గోల్ లైన్‌కి చివరి 20 యార్డుల్లో), థర్డ్, ఫోర్త్ డౌన్‌లలో ఏం జరిగిందన్నదీ చూడమంటాను.

దీని ప్రభావం అవతలి గట్టున కూడా పడింది. ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్‌కి టెక్సస్ మ్యాచే మొదటి స్టార్ట్. వెనక ఇలాంటి డిఫెన్స్ ఉంటే కుర్రాడి చేత సాహసాలు చేయించక్కర్లేదు. నిదానంగా ఆడి, గడియారం కరిగించి, అవసరమైతే పంట్ చేసి (బంతిని దూరంగా తన్ని) అవతలివాళ్ళకి ఇచ్చేయొచ్చు. ఆ సీజనంతా రయన్ డే ఎక్కువగా అలాగే నడిపాడు. మిషిగన్‌ని వాళ్ళ సొంత మైదానంలో 27-9తో కొట్టి, రెగ్యులర్ సీజన్ 12-0తో ముగించారు. తక్కువ పాయింట్లు ఇచ్చిన టీమ్‌లలో దేశంలో మళ్ళీ మొదటి స్థానం.

కానీ ఈ పద్ధతిలో ఒక ఇబ్బందుంది. మ్యాచ్‌లు తక్కువ స్కోరుతో సాగితే ఒక్క ప్లేకే తలకిందులైపోతాయి. బిగ్ టెన్ (ఒహాయో స్టేట్ ఆడే కాన్ఫరెన్స్) ఫైనల్‌లో ఇండియానాని 13 పాయింట్లకే ఆపారు, సొంత అఫెన్స్ పదే కొట్టింది. చివర్లో థర్డ్ డౌన్ మీద ఇండియానా క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా, చార్లీ బెకర్‌కి వేసిన 33 యార్డుల పాస్‌తో కథ ముగిసింది. ఆ తర్వాత డిసెంబర్ 31న ప్లేఆఫ్ మ్యాచ్ కాటన్ బౌల్, మన డాలస్ తెలుగువాళ్ళకి పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో. మయామి 24-14తో ఇంటికి పంపింది. ఆ 24లో ఏడు పాయింట్లు డిఫెన్స్ ఖాతాలో రాయకండి, సేయిన్ పాస్‌ని మయామి ఆటగాడు కీయాంటే స్కాట్ మధ్యలో అందుకుని 72 యార్డులు పరుగెత్తి చేసిన టచ్‌డౌన్ అది. డిఫెన్స్ ఇచ్చినవి 17.

ఇప్పుడు మీ టీమ్ విషయానికి రండి. కొత్త కోఆర్డినేటర్ పేరు రాగానే తిరిగొస్తున్న సేఫ్టీలు, లైన్‌బ్యాకర్ల పేర్లు కాగితం మీద రాసి, ఎవరు రెండు పొజిషన్లు ఆడగలరో టిక్ పెట్టండి. స్ప్రింగ్ గేమ్‌లో (వసంతంలో టీమ్ తనలో తానే ఆడుకునే మ్యాచ్‌లో) స్కోరు వదిలేసి, ఆ టిక్ పెట్టినవాళ్ళు స్నాప్‌కి ముందు ఎక్కడ నిలబడ్డారో, స్నాప్ తర్వాత ఎక్కడ తేలారో పాజ్ చేసి చూడండి. కోచ్‌లు స్ప్రింగ్‌లో అసలు కాల్స్ దాచుకుంటారు గానీ మనుషుల్ని నిలబెట్టే చోటు దాచడం కష్టం. మీ టీమ్ పేరు, తిరిగొస్తున్న సేఫ్టీల పేర్లు కింద రాయండి. ఎక్కువమంది అడిగిన టీమ్‌తో తర్వాతి వీడియో చేస్తాను.