క్లబ్బుల ఫ్రెండ్లీ మ్యాచ్ రివ్యూ: కాలవ అవతలోళ్ళు ఎలా కొట్టారంటే

హాయ్ అండి, అందరూ బాగున్నారా. ఆదివారం అమలాపురం దగ్గర మా క్లబ్బుకీ కాలవ అవతలి క్లబ్బుకీ ఫ్రెండ్లీ మ్యాచ్ అయ్యింది కదా, దాని రివ్యూ ఇది, స్కోరు ముందే చెప్పేస్తా, సస్పెన్స్ పెట్టడానికి ఇదేం ఫైనల్ కాదు, వాళ్ళు 20 ఓవర్లలో 151, మనం 142. ఓడిపోయామని బాధేం లేదండి, ఓడిన పద్ధతి గురించి మాత్రం కాస్త మాట్లాడాలి.

ముందు రూల్స్ చెప్పాలి, ఎంచేతంటే మ్యాచ్ అంతా వాటిలోనే ఉంది. కీపర్ తప్ప పదిమందీ తలా రెండేసి ఓవర్లు వెయ్యాల్సిందే, లెక్క సరిగ్గా 20కి సరిపోతుంది. మామూలు టీ20లో ఒకడికి నాలుగు ఓవర్లు, అయిదుగురు మంచోళ్ళుంటే గడిచిపోతుంది, ఇక్కడ అలా కుదరదు, జీవితంలో ఎప్పుడూ బంతి పట్టని పెద్దమనిషి చేత కూడా 12 బంతులు వేయించాలి, వైడ్లు కాకుండా. బ్యాటింగ్‌లో ఏమో 30 కొడితే రిటైర్, మిగతావాళ్ళందరూ అయిపోతే మళ్ళీ దిగొచ్చు. అసలు క్రికెట్ చట్టంలో ఒంట్లో బాలేక కాకుండా ఊరికే బయటికెళ్ళినోడు అవతలి కెప్టెన్ ఒప్పుకుంటేనే తిరిగి ఆడాలి, లేపోతే రిటైర్డ్ అవుట్ కింద రాస్తారు, 2001లో కొలంబోలో బంగ్లాదేశ్ మీద శ్రీలంక బ్యాట్స్‌మన్లు అటపట్టు 201 దగ్గర, జయవర్ధనే 150 దగ్గర అలాగే వెళ్ళిపోయారు. మన దగ్గర ఆ ఒప్పుకోవడమేదో టాస్ ముందే అయిపోయిందనుకోండి.

ఈ రెండు రూల్సూ నాకు భలే నచ్చాయండి. ఫ్రెండ్లీ అంటారు గానీ చాలా చోట్ల ఏమవుతుందీ, ఇద్దరు కుర్రాళ్ళు బ్యాటింగ్, ఆ ఇద్దరే బౌలింగ్, మిగతా తొమ్మిదిమంది ఎండలో నిలబడి బంతులు ఏరడం, సాయంత్రం వాళ్ళే చందాలు కట్టడం. ఇక్కడ అందరూ ఆడారు, మిల్లు ఓనరు ఆడారు, రొయ్యల చెరువులాయన ఆడారు, పిల్లల డాక్టరు గారు కూడా ఆడారు, ఆయన నాలుగు కొడితే ఆడియన్స్‌లో పేషెంట్ల తల్లులు చప్పట్లు.

సరే పిచ్ సంగతి. కాలేజీ గ్రౌండ్‌లో మట్టి పిచ్ ఆడేట్టు లేదు, పగుళ్ళు, అందుకని కొబ్బరి పీచు మ్యాట్ పరిచి మేకులు కొట్టారు. కోనసీమలో పీచుకి కరువా చెప్పండి. మ్యాట్ మీద బంతి మట్టి మీద కన్నా ఎత్తు లేస్తుంది, కట్టర్ వేస్తే, అంటే వేళ్ళతో బంతిని కోసినట్టు వదిలితే, చురుగ్గా తిరుగుతుంది. 1952లో లక్నో టెస్టులో జనపనార మ్యాట్ మీదే పాకిస్తాన్ బౌలర్ ఫజల్ మహమూద్ 12 వికెట్లు తీసి మన ఇండియా టీముని ఇన్నింగ్స్ తేడాతో ఓడించాడు, అంటే మ్యాట్ ఉన్నప్పుడు స్పీడు కన్నా వేళ్ళ పనే ముఖ్యం అని. ఇది మన కెప్టెన్ గారికి తెలీక కాదు, ఆయన తొందరే కొంప ముంచింది.

ఇక్కడే అసలు పాయింట్. మనం ముందు బౌలింగ్. కెప్టెన్ గారు మంచి బౌలర్లందరి ఓవర్లూ ముందే అవగొట్టేశారండి, 16 ఓవర్లకి వాళ్ళు 98, అబ్బో అనుకున్నాం. తీరా చూస్తే మిగిలింది ఎవరు, లాయరు గారూ, ఎల్ఐసీ ఏజెంటు గారూ. అప్పటికి అవతల రిటైరైన కుర్రాళ్ళు మళ్ళీ ప్యాడ్లు కట్టుకుని రెడీగా ఉన్నారు. ఆఖరి నాలుగు ఓవర్లలో 53. ఎల్ఐసీ ఆయన వేసిన ఫుల్‌టాసులు, అదే నేల తగలకుండా నేరుగా బ్యాటు మీదకెళ్ళే బంతులు, ఒక్కోటి ఒక్కో పాలసీ మెచ్యూర్ అయినట్టు వాళ్ళకి ముట్టాయి.

అవతలి కెప్టెన్ రైస్ మిల్లాయన, క్లబ్బులో రమ్మీ టేబుల్ దగ్గర ఈయన పేరు చెబితే చాలు. పనికిరాని ముక్క ఎప్పుడు పడెయ్యాలో తెలిసిన మనిషి. ఓపెనింగ్‌లో మంచి బౌలర్ల చేత ఒక్కో ఓవరే వేయించి ఆపేశాడు. మన కుర్రాళ్ళిద్దరూ 30లు కొట్టి రిటైరయ్యారు, వాళ్ళు మెట్లెక్కీ ఎక్కకుండానే బలహీనం బౌలర్లని దింపేశాడు, ఎందుకంటే క్రీజులో అప్పుడున్నది డాక్టరు గారూ చెరువులాయనా. వీళ్ళకి వాళ్ళు సరి. మనోళ్ళు పరుగులు తీస్తున్నారు గానీ సిక్సులు లేవు, టైమ్ మాత్రం అయిపోతోంది. ఆఖరి రెండు ఓవర్లలో 22 కావాలి, మన కుర్రాళ్ళు మళ్ళీ దిగారు, గోల గోల, చూస్తే వాళ్ళ దగ్గర ఎడమచేతి స్పిన్నరుకీ ఫాస్ట్ బౌలరుకీ చెరో ఓవరు అట్టే దాచి ఉంది! మ్యాట్ మీద ఆ స్పిన్ తిరుగుతుంటే 12 వచ్చాయి, అంతే.

కాలవ గురించి చెప్పకపోతే ఊరుకోరు మీరు. స్క్వేర్ లెగ్ వైపు పంట కాలవ, అందులో పడితే ఎంత గట్టిగా కొట్టినా నాలుగే, సిక్సు లేదు. లెదర్ బాల్ నీళ్ళలో మునగదండి, తేలుతుంది, కిందన వంతెన దగ్గర ఒక కుర్రాణ్ణి చేపల వలతో నిలబెట్టారు, బంతి ఒడ్డెక్కేసరికి నాని బరువెక్కి జారిపోతుంది, ఆ తర్వాత ఓవరు వెయ్యాల్సినోడి ఏడుపు చూడాలి.

టిఫిన్ పొట్టిక్కలు, అదే పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, ఆ ఆకు వాసనతో, చట్నీ కారం సరిపోయింది, ఇన్నింగ్స్ మధ్యలో బొండాలు. తిండికి వంక పెట్టను.

వంక పెట్టేది రెండిటికి. హెల్మెట్లు రెండే ఉన్నాయి, అవి ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదకి మారుతున్నాయి, కీపర్‌కి లేదు, మ్యాట్ మీద బంతి లేస్తుందని తెలిసి కూడా యాభై దాటినోళ్ళని కీపింగ్‌కి అలా నిలబెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. రెండోది అంపైరింగ్. బ్యాటింగ్ సైడ్ వాళ్ళే అంపైర్లు, అందుకని గొడవలెందుకని ఎల్బీడబ్ల్యూ, అదే వికెట్లకి తగలాల్సిన బంతికి కాలు అడ్డం పెడితే ఇచ్చే అవుట్, తీసేశారు. తీసేస్తే ఏమయ్యిందీ, లాయరు గారు ప్రతి బంతికీ ప్యాడ్ అడ్డం పెట్టి నాలుగు ఓవర్లు తినేశారు, తొమ్మిది పరుగుల తేడాలో ఆయన వాటా కూడా ఉందండి, ఫోన్ చేస్తే చేయనీండి.

వచ్చే నెల రిటర్న్ మ్యాచ్ వాళ్ళ గ్రౌండ్‌లో. రూల్స్ ఇవే ఉంచమని నేను కమిటీకి చెప్పాను, ఎల్బీడబ్ల్యూ మాత్రం తిరిగి పెట్టి, ఇద్దరు అంపైర్లని మూడో ఊరి నుంచి పిలవమన్నాను, ఖర్చేముంది, రెండు భోజనాలూ పెట్రోలూ. మీ ఊళ్ళో ఈ రెండేసి ఓవర్ల రూలు ఉందా, ఉంటే చెత్త బౌలర్లని ఎన్నో ఓవర్లో దింపుతారో కామెంట్లో రాయండి, మన కెప్టెన్ గారు ఇవన్నీ చదువుతారు.