పట్టాలు, గొట్టాలు, గుండ్లు: యుక్రెయిన్ యుద్ధం తర్వాత యూరప్

(తిరుపతిలో రాజనీతి శాస్త్ర విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

పెద్ద యుద్ధం వస్తే ఒక ఖండంలో ఏం మారుతుందని పరీక్షలో అడిగితే మీరేం రాస్తారో ఊహించగలను. కూటములు మారతాయి, బలాబలాలు మారతాయి, కొత్త ఒప్పందాలు పుడతాయి. జవాబులో తప్పు లేదు. అయితే ఒప్పందం మీద సంతకానికి ఒక పూట చాలు. దాన్ని నిలబెట్టే రైలు పట్టాలు, గ్యాస్ గొట్టాలు, కరెంటు లైన్లు, ఫిరంగి గుండ్లు సమకూరడానికి ఏళ్లు పడతాయి. 2022 ఫిబ్రవరి 24న రష్యా పూర్తిస్థాయి దాడికి దిగాక యూరప్‌లో నిజంగా ఏది మారిందో, ఏది ప్రకటన దగ్గరే ఆగిందో తెలుసుకోవాలంటే ఈ సరంజామా లెక్క చూడాల్సిందే.

కూటముల సంగతి త్వరగా ముగిస్తాను, అది మీకు తెలిసిందే. ఫిన్లాండ్ 2023 ఏప్రిల్ 4న, స్వీడన్ 2024 మార్చి 7న నాటోలో చేరాయి. ఫిన్లాండ్ రాకతో రష్యాతో నాటోకు దాదాపు 1,340 కిలోమీటర్ల కొత్త సరిహద్దు ఏర్పడింది. ఇద్దరూ 2022 మేలో ఒకేరోజు దరఖాస్తు పెట్టారు. మరి స్వీడన్‌కు ఇంత ఆలస్యమెందుకయింది? నాటోలో కొత్త సభ్యుణ్ని చేర్చుకోవాలంటే ఉన్నవాళ్లందరూ ఒప్పుకోవాలి. తుర్కియే, హంగరీ పట్టుబట్టి కూర్చున్నాయి. 2024 ఫిబ్రవరిలో హంగరీ స్వీడన్ నుంచి మరో నాలుగు గ్రిపెన్ యుద్ధ విమానాలు కొనే ఒప్పందం చేసుకుంది. రోజుల వ్యవధిలో అక్కడి పార్లమెంటు తలూపింది. దీన్ని బేరం అనడానికి దౌత్యవేత్తలు మొహమాటపడతారు, మనకా అవసరం లేదు.

ఇక గుండ్లు. ఈ యుద్ధం యూరప్‌కు చెప్పిన అసలు పాఠం ఇక్కడుంది కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

నాటో దేశాల ఫిరంగుల్లో ఎక్కువగా వాడేది 155 మిల్లీమీటర్ల గుండు. ఒక్కోటి నలభై కిలోల పైచిలుకు ఉంటుంది. యుక్రెయిన్‌కు ఏడాదిలో పది లక్షల గుండ్లు ఇస్తామని యూరోపియన్ యూనియన్ 2023 మార్చిలో మాటిచ్చింది. గడువు నాటికి ఇవ్వగలిగింది సుమారు సగం. డబ్బు లేక కాదు. ఫ్యాక్టరీకి ఆర్డరిస్తే మర్నాడు గుండు ఊడిపడదు. ఉక్కు తొడుగు కావాలి, లోపల పేలుడు పదార్థం కావాలి, ఎప్పుడు పేలాలో నిర్ణయించే ఫ్యూజు కావాలి, గొట్టంలోంచి గుండును తోసే మందు విడిగా కావాలి. తొడుగులు చేయడం వీటిలో తేలిక. గొలుసు తెగింది మిగతా చోట్ల.

తోసే మందుకు మూలం నైట్రోసెల్యులోజ్. దానికి ముడిసరుకు పత్తి గింజకు అంటుకుని ఉండే పొట్టి నూగు, మిల్లుల్లో లింటర్ అంటారే, అది. యూరప్ తన లింటర్‌లో అధిక భాగం చైనా నుంచి తెచ్చుకునేది. రష్యాతో పోరాడే దేశానికి చేరాల్సిన మందు, రష్యాకు దగ్గరైన దేశం పంపే పత్తి నూగు మీద ఆధారపడి ఉందన్నమాట! పేలుడు పదార్థం సంగతీ అంతే. యుద్ధం మొదలయ్యే నాటికి యూనియన్ మొత్తంలో టీఎన్‌టీని పెద్ద ఎత్తున తయారుచేస్తున్నది పోలండ్‌లోని బిడ్గోష్‌చ్ ఫ్యాక్టరీ ఒక్కటే. ముప్పై ఏళ్ల శాంతి కాలంలో మిగతావి మూతపడ్డాయి. పదేళ్ల ఆర్డరు చేతికి రానిదే కొత్త లైను వేయబోమని కంపెనీలు, ముందు సరుకు చూపించమని ప్రభుత్వాలు. ఈ గుంజాటనలోనే మొదటి ఏడాది గడిచిపోయింది.

తటస్థ దేశం దగ్గర గుండ్లు కొంటే ఏమవుతుందో కూడా అప్పుడే తెలిసింది. జర్మనీ యుక్రెయిన్‌కు గెపార్డ్ అనే విమాన విధ్వంసక వాహనాలిచ్చింది. డ్రోన్లను కూల్చడంలో అవి బాగా పనికొచ్చాయి. వాటి 35 మిల్లీమీటర్ల తూటాలు స్విట్జర్లాండ్ తయారీ. యుద్ధంలో ఉన్న దేశానికి తిరిగి పంపడానికి మా చట్టం ఒప్పుకోదని స్విస్ ప్రభుత్వం తేల్చిచెప్పింది. చివరికి జర్మనీలోనే ఆ తూటాల ఉత్పత్తి మొదలుపెట్టాల్సి వచ్చింది. అమ్మే దేశం అనుమతి లేకుండా తూటా సరిహద్దు దాటదన్నది ఆయుధాలు కొనే ప్రతి దేశమూ గుర్తుంచుకోవాల్సిన షరతు. మనమూ కొనే దేశమే.

పట్టాల విషయం తిరుపతి వాళ్లకు సులువుగా అర్థమవుతుంది. పాకాల మీదుగా మీటర్ గేజ్ నడిచిన రోజులు ఇక్కడి పెద్దలకు గుర్తుండే ఉంటాయి. గేజ్ మారే స్టేషన్లో దిగి వేరే బండి ఎక్కాలి, సరుకైతే దించి మళ్లీ ఎక్కించాలి. యుక్రెయిన్ పట్టాల మధ్య వెడల్పు 1,520 మిల్లీమీటర్లు, పోలండ్‌లో 1,435. తేడా 85 మిల్లీమీటర్లే, కానీ ఒక దేశపు పెట్టె ఇంకో దేశపు పట్టాల మీద కదలదు. జాకీలతో పెట్టెను పైకెత్తి కింద చక్రాల బోగీలు మార్చాలి, లేదా సరుకంతా వేరే పెట్టెల్లోకి ఎక్కించాలి. నల్ల సముద్రం రేవులు మూసుకుపోయినప్పుడు యుక్రెయిన్ ధాన్యం ఈ సరిహద్దుల్లోనే ఇరుక్కుంది. బయటపడ్డ ధాన్యంలో కొంత పక్క దేశాల మార్కెట్లలోకి చేరి ధర పడగొట్టింది. దాంతో పోలిష్ రైతులు రోడ్డెక్కారు. 2023 వసంతంలో పోలండ్, హంగరీ, స్లొవాకియా దిగుమతులు ఆపేశాయి. యుక్రెయిన్‌కు అందరికంటే ముందు ఆయుధాలిచ్చిన దేశాల్లో పోలండ్ ఒకటి. గోధుమల దగ్గరికొచ్చేసరికి అదీ వెనక్కి తగ్గింది.

యుక్రెయిన్ 2025 సెప్టెంబరులో చోప్ నుంచి ఉజ్‌హొరోద్ దాకా 22 కిలోమీటర్ల యూరోపియన్ గేజ్ (1,435 మిల్లీమీటర్ల) లైను ప్రారంభించింది. పొడవు చూస్తే చిన్నదే. కానీ ఆ దేశం ఎటు తిరిగిందో చెప్పడానికి ఇంతకంటే గట్టి రుజువు నాకు కనబడలేదు.

కరెంటు కథా ఇలాంటిదే. ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా 2004లోనే నాటోలో చేరాయి, కానీ వాటి గ్రిడ్ మాత్రం మాస్కో అదుపులో ఉన్న సోవియట్ కాలపు వలయంలోనే నడిచింది. గ్రిడ్‌లో కరెంటు ఊగిసలాట, అంటే ఫ్రీక్వెన్సీ, సెకనుకు 50 సార్ల (50 హెర్ట్జ్) దగ్గర నిలవాలి. దాన్ని నిలిపే మీట శత్రువనుకునే వాడి చేతిలో ఉంది. 2025 ఫిబ్రవరి 8న మూడు దేశాలూ ఆ బంధం తెంపుకున్నాయి. సుమారు ఒకరోజు ఒంటరిగా నడిచి, మర్నాడు పోలండ్ మీదుగా యూరప్ గ్రిడ్‌తో కలిశాయి. ఆ ఒక్కరోజు కోసం ఏళ్ల తరబడి లైన్లు వేశారు, ఫ్రీక్వెన్సీని నిలకడగా ఉంచే భారీ యంత్రాలు పెట్టారు.

అంతకు ఆరు వారాల ముందు, 2024 క్రిస్మస్ రోజున ఫిన్లాండ్-ఎస్తోనియా మధ్య సముద్రగర్భపు కరెంటు కేబుల్ తెగింది. లంగరు ఈడ్చుకుంటూ పోయిందన్న అనుమానంతో ఈగిల్ ఎస్ అనే ట్యాంకర్‌ను ఫిన్లాండ్ అదుపులోకి తీసుకుంది. ఘటన తమ ప్రాదేశిక జలాల బయట జరిగింది కాబట్టి విచారించే అధికారం తమకు లేదని హెల్సింకీ కోర్టు 2025 అక్టోబరులో కేసు పక్కన పెట్టింది. కేబుల్ కాపలాకు యుద్ధనౌకలు పంపగలిగారు గానీ చట్టంలో ఈ కంత పూడ్చలేకపోయారు.

గ్యాస్ విషయంలో మార్పు అన్నిటికంటే పెద్దది. 2021లో యూనియన్ దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో సుమారు 45 శాతం రష్యాది, 2024కల్లా అది 19 శాతానికి పడింది. 2022 సెప్టెంబరులో రష్యా నుంచి జర్మనీకి సముద్రం కింద వేసిన నార్డ్ స్ట్రీమ్ గొట్టాలు పేలాయి. యుక్రెయిన్ మీదుగా వచ్చే సరఫరా 2025 జనవరి 1న ఆగింది. జర్మనీ 2022 డిసెంబరులోనే విల్హెల్మ్స్‌హాఫెన్ రేవులో, ఓడల్లో ద్రవరూపంలో వచ్చే గ్యాస్‌ (ఎల్‌ఎన్‌జీ)ను దించుకునే తేలే టెర్మినల్ తెరిచింది. అనుమతులకే ఏళ్లు పట్టే దేశంలో ఆ పని నెలల్లో అయిపోయింది. ఇంత చేశాక కూడా యూరప్ స్వతంత్రమైందని నేననను. రష్యా గొట్టం స్థానంలో అమెరికా ఓడ వచ్చింది. 2025 జులైలో ట్రంప్‌తో సుంకాల రాజీ కుదిరినప్పుడు, మూడేళ్లలో 750 బిలియన్ డాలర్ల అమెరికా ఇంధనం కొంటామని యూనియన్ ఒప్పుకుంది. అమ్మేవాడు మారాడు, బేరంలో పైచేయి మాత్రం అమ్మేవాడిదే.

మనకు దీంతో ఏం పని అంటారా? మీ జిల్లాలోనే జవాబుంది. ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ అందించే వన్‌వెబ్ కంపెనీ ఉపగ్రహాలు ముప్పై ఆరు 2022 మార్చిలో కజఖ్‌స్తాన్‌లోని బైకనూర్ ప్రయోగ కేంద్రం నుంచి రష్యా రాకెట్ మీద వెళ్లాల్సింది. వాటిని సైనిక అవసరాలకు వాడబోమని హామీ కావాలని, బ్రిటన్ ప్రభుత్వం కంపెనీలో వాటా వదులుకోవాలని రష్యా షరతు పెట్టింది. రాకెట్ మీదున్న అమెరికా, బ్రిటన్, జపాన్ జెండాలు కప్పేసి మన జెండాను అలాగే ఉంచారు. ఉపగ్రహాలు అక్కడే చిక్కుకుపోయాయి. కంపెనీ వేరే దారులు వెతుక్కుంది. అందులో ఒకటి శ్రీహరికోట. 2022 అక్టోబరు 23న 36, 2023 మార్చి 26న మరో 36 ఉపగ్రహాలను ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం3 మోసుకెళ్లింది. యుద్ధం ఒకచోట మూసిన వ్యాపారం సూళ్లూరుపేట పక్కన తెరుచుకుంది.

అన్నీ ఇలా కలిసిరాలేదు. 2018లో రష్యా నుంచి కొన్న ఐదు ఎస్-400 గగనతల రక్షణ క్షిపణి దళాల్లో చివరి రెండు అనుకున్న గడువుకు రాలేదు. రష్యా ఫ్యాక్టరీలకు సొంత సైన్యం అవసరమే ముందు. చమురులో మొదట లాభపడ్డాం. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా ముడి చమురు (క్రూడ్) మూడో వంతు దాటింది. దాన్ని ఇక్కడ శుద్ధి చేసి డీజిల్‌గా యూరప్‌కూ అమ్మాం. 2025 జులైలో యూనియన్ ఆ దారికి అడ్డం పడింది. రష్యా ప్రభుత్వ చమురు కంపెనీ రాస్నెఫ్ట్‌కు వాటా ఉన్న గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ మీద ఆంక్షలు పెట్టింది. 2026 జనవరి 21 నుంచి రష్యా క్రూడ్‌తో చేసిన డీజిల్, పెట్రోల్ తమ దగ్గరికి రాకూడదంది. రిఫైనరీలో నాలుగు దేశాల క్రూడ్ ఒకే ట్యాంకులో కలుస్తుంది. బయటికొచ్చిన డీజిల్‌లో ఏది ఎవరిదో లాబొరేటరీ తేల్చలేదు. అందుకే రష్యా క్రూడ్‌కు వేరే ట్యాంకులు, వేరే యూనిట్లు, ఓడ ఓడకూ క్రూడ్ పుట్టుక చెప్పే పత్రాలు అవసరమయ్యాయి. ఆ పత్రాల ఖర్చు, తక్కువ ధరకు దొరికే రష్యా చమురు లాభాన్ని ఎంత మింగుతుందన్నదే ఇప్పుడు మన కంపెనీలు వేసుకుంటున్న లెక్క.

ప్రశ్నలుంటే అడగండి.