నవంబర్ 1న గడియారం వెనక్కి జరిగితే, పాప 5:30కే ఎందుకు లేస్తుంది?

నమస్కారం అండీ. అమెరికాలో చిన్నపిల్లలతో ఉన్న తెలుగు కుటుంబాల కోసం ఈ వీడియో. వేసవి కోసం ఒక గంట ముందుకు జరిపిన గడియారాన్ని (దీన్నే డేలైట్ సేవింగ్ టైమ్ అంటారు) ఇక్కడ నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. 2026లో అది నవంబర్ 1. ఆ తెల్లవారుజామున 2 గంటలు కాగానే గడియారం మళ్లీ 1కి వస్తుంది. పిల్లల్లేని ఇంట్లో ఆ రోజు ఒక గంట నిద్ర ఊరికే కలిసొస్తుంది. చంటిపిల్ల ఉన్న ఇంట్లో మాత్రం శనివారం దాకా 6:30కి లేచిన పాప, ఆదివారం 5:30కే క్రిబ్ పట్టుకుని నిలబడి పిలుస్తుంది. తన లెక్కలో అది 6:30యే కదా!

చాలామంది మార్చిలో మారే టైమ్ గురించి ఎక్కువ భయపడతారు, ఒక గంట నిద్ర పోతుందని. ఐదేళ్లలోపు పిల్లల విషయంలో నవంబరే కష్టం. ఎందుకంటారా, నిద్రపోతున్న బిడ్డను లేపగలం కానీ, నిద్ర తీరి లేచిన బిడ్డను మళ్లీ పడుకోబెట్టడం మన చేతిలో లేదు. అందుకే ఈ వీడియో మొత్తంలో మీరు పట్టుకోవలసింది ఒకటే: పడుకునే టైమ్‌తో కుస్తీ పట్టకండి, తెల్లవారి వెలుతురును, లేచే టైమ్‌ను పట్టుకోండి.

ముందు మూడు నెలలలోపు పిల్లల సంగతి. వాళ్లకు ఇంకా రాత్రీ పగలూ తేడా సరిగ్గా కుదరదు. రెండు మూడు గంటలకోసారి పాలు, నిద్ర, డైపర్, అంతే. వాళ్ల కోసం మీరేమీ మార్చక్కర్లేదు, ఆదివారం నుంచి కొత్త గడియారం చూసుకోండి, సరిపోతుంది. పాలు పట్టిన టైములు యాప్‌లో రాసుకునేవాళ్లు మాత్రం ఒకటి గమనించండి. ఆ రాత్రి 1:30 రెండుసార్లు వస్తుంది. లెక్క తేడాగా కనిపిస్తే కంగారు పడకండి.

నాలుగు నెలలు దాటాక ఒంట్లో గడియారం గట్టిపడుతుంది. మెదడులోని ఆ గడియారాన్ని నడిపేది ముఖ్యంగా కంట్లో పడే వెలుతురు. పొద్దున్నే వెలుతురు పడితే ఆ గడియారం తొందరపడుతుంది, రాత్రి నిద్ర కూడా తొందరగా వస్తుంది. సాయంత్రం ఎక్కువసేపు వెలుతురులో ఉంటే నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ విడుదల ఆలస్యమై, నిద్రా ఆలస్యమవుతుంది. నవంబర్‌లో మనకు కావలసింది ఆలస్యం. అంటే సాయంత్రం వెలుతురు, తెల్లవారి చీకటి. మార్చిలో దీనికి సరిగ్గా తలకిందులు. దీన్ని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకోండి, నిద్రలేని రోజుల్లో ఎవరైనా తికమక పడేది ఇక్కడే.

ఇప్పుడు ఒక ఉదాహరణ. పది నెలల పాప, రాత్రి 7:30కి పడుకుని పొద్దున 6:30కి లేస్తుంది. పగలు రెండు కునుకులు, 9:30కి ఒకటి, 2 గంటలకు ఒకటి. అక్టోబర్ 28 బుధవారం మొదలుపెట్టండి. ఆ రోజు అన్నీ పావుగంట ఆలస్యం: కునుకులు, అన్నం, స్నానం, నిద్ర, అన్నీ. రాత్రి 7:45. గురువారం 8:00, శుక్రవారం 8:15, శనివారం 8:30. శనివారం హాలోవీన్ కాబట్టి ఎలాగూ చాక్లెట్ల కోసం ఇరుగుపొరుగు ఇళ్లు తిరుగుతూ ఆలస్యమే అవుతుంది, ఈసారి అది మనకే కలిసొచ్చింది. ఆదివారం పాప పాత లెక్కలో 7:30కి లేస్తే కొత్త లెక్కలో 6:30 అయినట్టే.

కాగితం మీద ఇంత చక్కగా ఉంటుంది. ఎక్కడ చెడుతుందంటే, పడుకునే టైమ్ ఒక్కటే జరిపి మిగతావి పాత టైమ్‌కే ఉంచేస్తారు. రాత్రి ఆలస్యంగా పడుకోబెడితే పొద్దున ఆలస్యంగా లేస్తుందని అనుకుంటాం. పెద్దవాళ్లకు చెల్లే లెక్క అది. చంటిపిల్లలు బాగా అలిసిపోతే నిద్ర చెదిరి ఇంకా ముందే లేస్తారు. అందుకే పావుగంట కన్నా పెద్ద అడుగు వేయకండి. ఆరు నెలలలోపు పిల్లలకైతే, లేదా కాస్త ఆలస్యమైతే చాలు ఏడ్చే పిల్లలకైతే, రోజుకు 10 నిమిషాలు చొప్పున ఆరు రోజులు తీసుకోండి. అక్టోబర్ 26 సోమవారమే మొదలుపెట్టాలి.

ఆదివారం పొద్దున్నకు వద్దాం, అసలు పని అక్కడుంది. 5:30 అయింది, పాప లేచింది. ఏడవకుండా తనలో తాను ఊసులాడుకుంటుంటే లోపలికి వెళ్లకండి. ఏడిస్తే వెళ్లండి, కానీ లైట్ వేయకండి, ఫోన్ వెలుతురు కూడా వద్దు. జోకొట్టండి, నెమ్మదిగా మాట్లాడండి, గదిలోంచి బయటకు మాత్రం తీసుకురాకండి. 5:45 అయ్యాక కర్టెన్ తీసి, గట్టిగా "గుడ్ మార్నింగ్ బంగారం" అనండి. అంటే ఆ గీత మీరు గీశారన్నమాట: కర్టెన్ తీయనంతవరకు రాత్రే. సోమవారం గీత 6:00కి, మంగళవారం 6:15కి, బుధవారం 6:30కి జరపండి. రాత్రి పాలు ఇంకా తాగే పసిబిడ్డ అయితే ఆకలితో ఉంచకండి. చీకట్లోనే పాలు పట్టి మళ్లీ క్రిబ్‌లో వేయండి. కానీ ఏడాది దాటిన పిల్లకు 5:30కి సీసా అలవాటు చేస్తే, పొట్ట కూడా ఆ టైమ్‌కే గంట కొట్టడం మొదలుపెడుతుంది.

అంతకన్నా పెద్ద పొరపాటు మొదటి కునుకు దగ్గర జరుగుతుంది. పాప 5:30కి లేచింది కాబట్టి 8 గంటలకే కళ్లు నలుపుకుంటుంది, మనం పాపం అనుకుని పడుకోబెడతాం. అది కునుకు కాదు, రాత్రి నిద్ర తోక. రాత్రి ముందే ముగించిన నిద్రను పొద్దున పూర్తి చేసుకోవచ్చని ఒంటికి తెలిసిపోతుంది, ఇక వారాల తరబడి 5:30యే. కాబట్టి ఆదివారం మొదటి కునుకును కనీసం 9:00 దాకా ఆపండి, బుధవారానికి 9:30కి తేండి. ఆపడానికి తేలిక మార్గం ఆరుబయట తిప్పడం. చలి ఉంటే టోపీ పెట్టి పది నిమిషాలు వీధిలో నడిచినా చాలు, వెలుతురు పడగానే హుషారొస్తుంది. మీ ఇంట్లో పొద్దున్నే నూనె మర్దన చేసి స్నానం పోసే అలవాటు ఉంటే, ఆ స్నానం తర్వాత బిడ్డ హాయిగా రెండు గంటలు నిద్రపోవడం మీరు చూసే ఉంటారు. ఆ స్నానం 8 గంటలకు పోస్తే కునుకు 8:30కే ముంచుకొస్తుంది. స్నానాన్ని 9 తర్వాతకు మార్చండి.

సాయంత్రం మరో చిక్కు. ఉదాహరణకు టెక్సస్‌లోని డల్లాస్‌లో ఆ ఆదివారం కొత్త టైమ్ ప్రకారం 5:40కల్లా సూర్యాస్తమయం. మర్నాటి నుంచి డేకేర్‌లోంచి తీసుకొచ్చేసరికే చీకటి. ఆ చీకటికి పాప 6 గంటలకే తూగుతుంది. కారులో ఐదు నిమిషాలు కునికినా ఆ రాత్రి లెక్క తప్పుతుంది, కాబట్టి వెనక కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లు ఒకరుంటే మేలు. ఇంటికి రాగానే అన్ని లైట్లూ వేయండి. 6:45 దాకా వంటిల్లు, హాలు వెలిగిపోవాలి. ఆ తర్వాత ఒక్కొక్కటీ ఆర్పేసి, 7:15కి ఒక చిన్న పసుపు దీపం మాత్రం ఉంచండి. మొదటి రెండు రోజులు మరీ అలిసిపోతే 7:00కి పడుకోబెట్టండి, అంతకు ముందు మాత్రం వద్దు.

గది చీకటి ఎంతుండాలో చెప్తాను. మధ్యాహ్నం 12కి కర్టెన్ వేసి, తలుపు మూసి, చెయ్యి చాపి చూడండి. వేళ్లు విడివిడిగా లెక్కపెట్టగలుగుతున్నారంటే ఇంకా వెలుతురు వస్తోంది. ఎక్కువగా కర్టెన్ రాడ్డుకూ గోడకూ మధ్య సందులోంచి, తలుపు కిందనుంచి వస్తుంది. కిటికీ అద్దానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ టేపుతో అంటించినా పని జరుగుతుంది, అందం సంగతి తర్వాత. డల్లాస్‌లో ఆ వారం సూర్యోదయం దాదాపు 6:45కి, కానీ అంతకు అరగంట ముందే ఆకాశం తెల్లబడుతుంది. వైట్ నాయిస్ మెషిన్ (ఒకే తీరు హోరు వినిపించేది) వాడేవాళ్లు దాన్ని క్రిబ్‌కు 7 అడుగుల దూరంలో, తక్కువ శబ్దంతో పెట్టండి.

ఇంటికి అమ్మమ్మో నానమ్మో వచ్చి ఉంటే ఒక మాట. వాళ్లు తెల్లవారి 5 గంటలకే లేచి వంటిల్లు వెలిగించి, కాఫీ కలుపుకుని, కుక్కర్ ఎక్కిస్తారు. మూడో విజిల్‌కు పాప లేస్తుంది. పైగా పాప కదిలిందని తెలిస్తే ఎత్తుకోకుండా ఉండలేరు. గొడవ పడక్కర్లేదు. "అమ్మా, ఈ వారం ఒక్కటీ 6:30 దాకా కుక్కర్ పెట్టొద్దు, పాపను నేనే తీస్తాను" అని శనివారం రాత్రే చెప్పండి. చీర ఉయ్యాలలో ఊపితే వెంటనే పడుకుంటుందని వాళ్లు అంటారు. నిజమే, పడుకుంటుంది. కానీ రాత్రంతా అందులో వదిలేయడం క్షేమం కాదు. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండూ దుప్పటీ బొమ్మలూ లేకుండా పడుకోబెట్టాలన్న నియమం ఈ వారం కూడా మారదు.

రెండేళ్లు దాటిన పిల్లలకు రంగు మారే నైట్ లైట్ గడియారాలు పనికొస్తాయి. పచ్చ వెలిగితే లేవొచ్చు, ఎర్రగా ఉంటే పడుకోవాలి. మొదటి రోజే 6:30కి పెట్టేయడం తప్పు. వాడు 5:30కి లేచి గంటసేపు ఎర్ర దీపం చూస్తూ కూర్చుంటే ఆ దీపం మీద నమ్మకం పోతుంది. ముందు 5:40కి పెట్టండి, పచ్చ రాగానే "చూశావా నాన్నా, పచ్చ దాకా ఆగావు!" అని మెచ్చుకోండి, ఆపై రోజూ 10 నిమిషాలు పెంచండి. చాలా మోడళ్లలో ఈ గడియారం ఫోన్‌లా తనంతట తాను మారదు, శనివారం రాత్రి చేత్తో మార్చాలి.

మందుల మాట. నిద్ర కోసం మెలటోనిన్ గమ్మీలు, జలుబు సిరప్‌లు పట్టకండి. రెండేళ్లలోపు పిల్లలకు దుకాణంలో దొరికే దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. యాంటీబయాటిక్ 12 గంటలకోసారి నడుస్తుంటే ఆ రాత్రి గడియారం కాకుండా గంటలు లెక్కపెట్టండి: రాత్రి 8కి వేస్తే తర్వాతి డోసు కొత్త టైమ్‌లో పొద్దున 7కి వస్తుంది.

మామూలుగా వారం, పది రోజుల్లో సర్దుకుంటుంది. తర్వాతి ఆదివారం, నవంబర్ 8, దీపావళి. ఆ రాత్రి ఎవరింట్లోనైనా పార్టీకి వెళ్లి 10 దాటితే సోమవారం కొంచెం వెనక్కి పోతారు, అది మామూలే. మూడు వారాలైనా 5:30కే లేస్తుంటే ఇక గడియారం మీద నింద వేయకండి. కునుకులు తగ్గే వయసేమో, గదిలో వెలుతురేమో చూడండి. గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే మీ పీడియాట్రిషన్‌కు చెప్పండి.

మార్చి గురించి క్లుప్తంగా. 2027లో మార్చి 14న గడియారం 2 నుంచి 3కి దూకుతుంది. అప్పుడు పడుకునే టైమ్ ముందుకు లాగితే పాప చీకట్లో ఆడుకుంటూ కూర్చుంటుంది, ఎందుకంటే నిద్ర వేళకు కాస్త ముందు ఒళ్లు బాగా మెలకువగా ఉంటుంది. పొద్దున లేపడంతో మొదలుపెట్టండి: గురువారం 6:15, శుక్రవారం 6:00, శనివారం 5:45, ఆదివారం కొత్త 6:30. లేపగానే లైట్లన్నీ వేయండి. ఆ వారం డల్లాస్‌లో సూర్యుడు రావడం 7:30 దాటాకే కాబట్టి ఇంటి లైట్లే దిక్కు. అరిజోనాలో ఎక్కువ ప్రాంతం, హవాయి టైమ్ మార్చవు, అక్కడివాళ్లకు ఈ బాధ లేదు. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకు తేదీలు వేరు, మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. 2026లో అక్టోబర్ 25.

ఇక ఆఖరిది, ఎవరూ ముందు ఆలోచించనిది. ఇండియాలో గడియారం మారదు. నవంబర్ 1 దాకా డల్లాస్‌కూ ఇండియాకూ తేడా పదిన్నర గంటలు, ఆ రోజు నుంచి పదకొండున్నర. ఇన్నాళ్లూ తాతగారు అక్కడ సాయంత్రం 5:30కి వీడియో కాల్ చేస్తే ఇక్కడ పొద్దున 7:00. పాప లేచి, పాలు తాగి, నవ్వుతూ కనిపించేది. ఆదివారం ఆయన అదే 5:30కి చేస్తారు, ఇక్కడ 6:00, ఇంకా చీకటి, ఫోన్ మోగుతుంది. ఇకనుంచి సాయంత్రం 6:30కి చేయమని శనివారమే చెప్పి ఉంచండి, ఆ రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోండి.